నేల బిగువు – నాగటి లోతు



ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచిన విషయము మన కాళ్ల క్రిందనే యున్నది గాని కంటికి కనబడునది కాదు. ఒకే చేను, ఒకే విత్తనము, ఒకే వాన. అయినను ఒక మూల పైరు నడుమెత్తు పెరుగును. మఱియొక మూల మోకాలెత్తుననే నిలిచిపోవును. ఎఱువు చాలలేదని కొందఱు, విత్తనము మంచిది కాదని కొందఱు అనుకొందురు. ఆ మూల నొక మూర లోతు త్రవ్వి చూచువారు మాత్రము అరుదు. త్రవ్వి చూచినచో పలు పర్యాయములు కారణ మచ్చటనే బయటపడును. జానెడు లోతున మట్టి యొత్తుకొనిపోయి పలకవలె బిగిసి యుండును. పత్తిచెట్టు తల్లివేరు ఆ పలక వఱకు తిన్నగా దిగి, అచ్చట దారి దొరకక, మోచేయి మడిచినట్లు ప్రక్కకు తిరిగిపోయి యుండును.

ఈ బిగువును చేనిలో చోటు చోటున కొలిచి, పటముగా వ్రాసికొని, అవసరమైన తావున మాత్రమే, అవసరమైనంత లోతు మాత్రమే దున్నుట ఇటీవలి వ్యవసాయశాస్త్రము చూపిన మార్గము. పేరు క్రొత్తది, కథ మాత్రము పాతది. ఆ కథలో బిచ్కుంద వంటి సీమకును పాలు కలదు. దానిని మొదటినుండి చెప్పుట ఎందుకనగా, నేల బిగువు చాలవఱకు మనుష్యుల చేతలవలన ఏర్పడినది. ఆ చేతలు జ్ఞాపకమున్నవారు మీరు. మీ జ్ఞాపకము ప్రక్కన కొలత చేరనిదే పటము పూర్తి కాదు.

మొదట ఆ సీమను గుఱించి రెండు మాటలు. బిచ్కుంద నేడు కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఆ జిల్లా యేర్పడువఱకు అది నిజామాబాదు జిల్లాలోనిది. 1956 నవంబరు 1వ తేదీకి ముందు నిజామాబాదులోనిదియు కాదు. అప్పుడది హైదరాబాదు రాష్ట్రమున నాందేడు జిల్లా, దెగ్లూరు తాలూకాలోని యొక సర్కిలు. రాష్ట్రముల పునర్విభజన చట్టములో బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను పేరుపెట్టి చెప్పి తెలుగు రాష్ట్రమున చేర్చిరి. అందువలననే అచ్చటి సంతలో తెలుగుతోపాటు మరాఠీయు కన్నడమును నేటికిని వినబడును.

మనుష్యులు గీసిన యెల్లలు ఇట్లు మారినవి గాని నేల గీసికొన్న యెల్ల మారలేదు. సుమారు ఆఱున్నర కోట్ల యేండ్లకు పూర్వము దక్కను పీఠభూమిపై పొరలు పొరలుగా ప్రవహించి గడ్డకట్టిన నల్లరాయి, పడమటినుండి వచ్చి ఈ ప్రాంతమున అంతమగుచున్నది. ఆ రాయి అరిగి యేర్పడినదే బిచ్కుంద, మద్నూరు, జుక్కల్ సీమల నల్లరేగడి. తూర్పునకు పోయి కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు చూచినచో పాతకాలపు గ్రానైటురాయియు, దానినుండి పుట్టిన ఎఱ్ఱ చెలకలును కనబడును. ఒక జిల్లాలోనే రెండు నేలలు. రెండింటి స్వభావమును వేఱు, రెండింటి బిగువును వేఱు.

నల్లరేగడిలోని బంకమన్ను తడిసినప్పుడు ఉబ్బును, ఆఱినప్పుడు కుంచించుకొనును. అందుచేత వేసవిలో కాలు దూరునంత నెఱ్ఱెలు విచ్చును. పైమట్టి పొడియై ఆ నెఱ్ఱెలలో రాలును. తొలకరికి మరల ఉబ్బి కలిసిపోవును. కావుననే నల్లరేగడి తన్ను తానే దున్నుకొనునని రైతులు చెప్పుదురు. ఆ మాటలో నిజము కలదు. ఎఱ్ఱచెలక కీ గుణము లేదు. అందు ఇసుకపాలు ఎక్కువ, బంకపాలు తక్కువ. వానకు మెత్తబడి, ఎండకు ఇటుకవలె గట్టిపడును. చెలకలో నేర్పడిన బిగువు తనంతట తాను తొలగదు. ఈ భేదమును మనస్సున నుంచుకొనవలయును; తరువాతి కథకంతయు ఇదియే కీలకము.

చేనిని గళ్లుగా విభజించి నేలగుణమును పటముపై వ్రాయుట నేటి కంప్యూటరు వచ్చినపిదప పుట్టినదని అనుకొందుము. కాని బొంబాయి రాజధానిలో 1835 ప్రాంతమున పూనా జిల్లా ఇందాపురము తాలూకాలో గోల్డ్‌స్మిడ్, వింగేట్ అను నిరువురు ఉద్యోగులు శిస్తు నిర్ణయమునకై ఈ పద్ధతిని ఆరంభించిరి. డేవిడ్‌సన్ అను మఱియొకరితో కలిసి 1847లో వారు వ్రాసిన ఉమ్మడి నివేదికలో దాని నియమములు కలవు. నేలను వర్గీకరించు ఉద్యోగి చేని ఆకారమును కాగితముపై గీసి, దానిని గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో త్రవ్వించి నేల లోతును చూచును. ఒకటిముప్పాతిక మూర లోతుగల మేలైన నల్లనేలకు పదునాఱణాల విలువ. లోతు తగ్గినకొలది అణాలు తగ్గును.

లోతుతోపాటు నేలదోషములను ఏడు విధములుగా లెక్కించి, ఒక్కొక్కదానికి ఒక్కొక గుర్తు నేర్పఱచిరి. సున్నపురాళ్లు కలియుట, ఇసుక కలియుట, వాలుగా నుండుట, మట్టికి పట్టు లేకుండుట, నీటిప్రవాహమునకు గుఱియగుట, ఊటతేమ యెక్కువగుట – ఇవి ఆఱు. ఏడవది నీటిని లోపలికి దిగనీయని గుణము. వేరును దిగనీయని నేల నీటినిగూడ దిగనీయదు. కావున నేడు మనము వెదకుచున్న దోషమునకు మిక్కిలి దగ్గఱిదానిని నూట డెబ్బది యేండ్లకు పూర్వమే గళ్లకాగితముపై గుర్తించుచుండిరని చెప్పవచ్చును.

హైదరాబాదు సంస్థానమున మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, 1870ల దశకమున, భూమికొలతల శాఖ యేర్పడినప్పుడు ఈ బొంబాయి పద్ధతినే అనుసరించిరి. మన యిండ్లలో పాతపెట్టెల అడుగున నుండు టిప్పనులును, సేత్వారు నకళ్లును ఆ కొలతల సంతతివే. కాని ఆ పటముల యుద్దేశము శిస్తు, దుక్కి కాదు. నేల చెడ్డదైన అణా తగ్గించిరే గాని ఆ చెడుగును బాగుచేయు నుపాయము వారి పని కాకపోయెను. పైగా ఒకమాఱు వర్గీకరించిన నేల ముప్పదియేండ్ల వఱకు అట్లే యుండునని వారు భావించిరి. నేలస్వభావము విషయమున అది నిజమే. నేల బిగువు విషయమున నిజము కాదు. బిగువు ఒక్క వానకాలములోనే పుట్టగలదు.

ఇక నాగటి సంగతి. మన నాగలి నేలను గీరునే గాని దున్నదని దొరలు ఆక్షేపించు కాలమొకటి యుండెను. 1860ల దశకమున చెన్నపురి గవర్నరు సర్ విలియం డెనిసన్ ఇంగ్లండునుండి ఆవిరినాగళ్లను తెప్పించి, సైదాపేటలో ప్రయోగక్షేత్రము పెట్టించెను. లోతుగా దున్నుటయే అభివృద్ధి యని వారి నమ్మకము. ఆ యంత్రములు మన చేలలో వ్యాపింపలేదు. 1889లో ఇంగ్లండునుండి ప్రభుత్వము పంపగా వచ్చి దేశమంతయు తిరిగిన రసాయన శాస్త్రజ్ఞుడు వోల్కర్, 1893లో ప్రకటించిన తన నివేదికలో, భారతీయ రైతు తేలికనాగలిని మూర్ఖతచే వాడుటలేదనియు, లోతుదుక్కి అన్ని చోట్ల మేలు కాదనియు, దానివలన నేలలోని తేమ పోవుననియు వ్రాసెను.

రాయలసీమ, బళ్లారి ప్రాంతపు నల్లరేగడి రైతుల వ్యవసాయము చూచినచో ఆ మాట యథార్థమని తెలియును. అచ్చట పూర్వము ఏటేట నాగలి కట్టుట ఆచారము కాకుండెను. సాలుకు సాలు గుంటకతోనే పని. గడ్డి వేళ్లుపట్టి నేల పాడైనప్పుడు మాత్రమే, కొన్ని యేండ్ల కొకమాఱు, అనేక జతల యెడ్లను పూన్చి పెద్దమడకతో లోతుగా దున్నుచుండిరి. అనగా లోతుదుక్కి నిత్యకర్మము కాదు, రోగమునకు వైద్యము. ఇది లెక్కలు వ్రాయని శాస్త్రము, అయినను శాస్త్రమే. తగినచోట తగినంత దుక్కి యను నేటి సూత్రము దీనికి విరుద్ధము కాదు, దీని కొనసాగింపు.

బిగువు ఎప్పుడును దోషమే యని తలపరాదు. మన పూర్వులు దానిని కోరి సంపాదించిన తావులు కలవు. చెఱువుకట్ట పోయునప్పుడు మట్టిని పొరపొరగా వేసి, తడిపి, పశువులచే త్రొక్కించి, దిమ్మిసలతో కొట్టి గట్టిపఱచిరి. కట్ట బిగువే చెఱువు ప్రాణము. నేటి కట్టల పనిలో వాడు ఇనుపముండ్ల దొర్లుడుబండను ఇంగ్లీషువారు గొఱ్ఱెకాలి రోలరు అందురు. ఆ పేరులోనే గొఱ్ఱెలమంద త్రొక్కిడి జ్ఞాపకముగా నిలిచియున్నది.

1933లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరపు నీటిసరఫరా శాఖలో పనిచేసిన ప్రాక్టర్ అను ఇంజనీరు, మట్టికట్టల విషయమై పరీక్షలు ప్రకటించెను. ఒకే బరువుతో కొట్టినను, మట్టి మఱీ పొడిగా నున్నప్పుడు అంతగా బిగియదు. మఱీ తడిగా నున్నప్పుడును అంతగా బిగియదు. నడుమ నొకానొక పదునులో మాత్రము అత్యధికముగా బిగియునని ఆయన చూపెను. కట్ట కట్టువాడు ఆ పదునుకై వేచియుండవలయును. చేను దున్నువాడు ఆ పదునును తప్పించుకొనవలయును. వాన వెలిసిన మఱునాడే బరువైన యంత్రమును చేనిలోనికి దింపు రైతు, తానెఱుగకయే, చేనిలో చెఱువుకట్టను కట్టుచున్నాడు.

వరిమడి రెండవ యుదాహరణము. బిచ్కుందనుండి తూర్పునకు మంజీర దాటినచో బాన్సువాడ, వర్ని, బోధనుల వైపు నిజాంసాగరు కాలువల సీమ. 1923లో ఆరంభించి 1931లో ముగించిన ఆ జలాశయమును నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు ప్రధాన ఇంజనీరుగా నుండి కట్టించెను. సుమారు 2,75,000 ఎకరములకు నీరిచ్చుట దాని యుద్దేశము. నీరు రాగానే దమ్ము వచ్చినది. దమ్ము చేయుట యనగా నీటిలో మట్టిని కలియద్రొక్కి, పైన బురదయు, క్రింద జానెడు లోతున గట్టిపొరయు నేర్పఱచుటయే. ఆ పొర లేనిచో వరిమడిలో నీరు నిలువదు. ఎడ్ల గిట్టలు ఏండ్ల తరబడి చేసిన ఆ పని ట్రాక్టరుకు తగిలించిన కేజ్ వీల్స్ కొలదికాలములోనే చేయును. వరికిది వరము. అదే మడిలో యాసంగికి మొక్కజొన్ననో నువ్వులనో వేసినచో ఆ పొరయే శాపము. పైన నీరు నిలిచి వేరునకు గాలి యాడదు. క్రింద తేమ యున్నను వేరు దానిని అందుకొనలేదు.

ఇట్లు ఒకే బిగువు కట్టకు బలము, మడికి అవసరము, చేనికి దోషము. కావున నేల బిగిసినదా యని మాత్రమే అడిగిన చాలదు. ఎక్కడ, ఎంత లోతున, ఏ పైరునకు అని అడుగవలయును.

స్వాతంత్ర్యము వచ్చిన యేటనే, 1947లో, కేంద్రప్రభుత్వము ట్రాక్టరుల సంస్థ నొకదానిని స్థాపించెను. యుద్ధానంతరము అమెరికా సైన్యము విడిచిపోయిన యంత్రములతో మధ్యభారతమున భోపాలు మున్నగు ప్రాంతముల నల్లరేగళ్లలో రెల్లుగడ్డిని వేళ్లతో పెకలించుట దాని పని. 1949లో ప్రపంచబ్యాంకు ఇందులకై కోటి డాలర్ల అప్పునిచ్చెను. అదియు పెద్దమడకవంటి వైద్యమే. రోగమున్న నేలకు చేసిన లోతుదుక్కి. మన దేశమున తయారైన మొదటి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులో ఐషర్ సంస్థనుండి వెలువడెను. పిమ్మట ట్రాక్టరు వైద్యుడుగా గాక నిత్యసేవకుడుగా మారినది. దుక్కి, విత్తు, కోత, రవాణా అన్నియు దానివే. కోతయంత్రము దానికంటె బరువైనది. ధాన్యముతో నిండిన ట్రాలీ చెప్పనక్కఱలేదు.

బరువు విషయమున రెండు సంగతులు గ్రహింపదగినవి. పైమట్టి బిగువు చక్రములోని గాలి ఒత్తిడిని బట్టి యుండును. లోతుమట్టి బిగువు ఇరుసుపై పడు మొత్తము భారమును బట్టి యుండును. చక్రము వెడల్పుచేసినను మోయు బరువు ఎక్కువైనచో దాని ప్రభావము నాగలి చేరని లోతునకు పోవును. పైబిగువును గుంటకతో విడదీయవచ్చును. లోతుబిగువును విడదీయుట కష్టము, వ్యయసాధ్యము.

ఇక కొలత. నేలకాఠిన్యమును కొలుచు శంకుమొన సాధనమును రెండవ ప్రపంచయుద్ధము చివరిదినములలో అమెరికా సైన్యపు ఇంజనీర్లు మిసిసిపీ రాష్ట్రమున విక్స్‌బర్గు ప్రయోగశాలలో రూపొందించిరి. మెత్తని నేలపై యుద్ధశకటములు దిగబడకుండ పోగలవా యని తెలిసికొనుట వారి యవసరము. ముప్పది డిగ్రీల కోణముగల ఉక్కుశంకువును కడ్డీకి బిగించి నేలలోనికి నొక్కుచు, ఎంత లోతున ఎంత బలము కావలసినదో కొలతయంత్రముపై చూతురు. దీనినే పెనెట్రోమీటరు అందురు. సైన్యము బిగువు చాలదేమో యని వెదకెను. వ్యవసాయ శాస్త్రజ్ఞులు బిగువు మించినదేమో యని అదే కడ్డీతో వెదకిరి. తడి తగినంత యున్న నేలలో చదరపు సెంటీమీటరునకు సుమారు ఇరువది కిలోల ఒత్తిడి కావలసివచ్చినచో అనేక పైరుల వేళ్లు అచ్చట ముందుకు సాగుట కష్టమని వారు కనుగొనిరి.

కొలత యనునది ఒక చుక్కకు మాత్రమే సంబంధించినది. ఎకరములో పది చుక్కలు కొలిచినను వాని నడుమ నున్న నేల సంగతి యేమి? దీనికి సమాధానము బంగారుగనులనుండి వచ్చినది. దక్షిణాఫ్రికాలో గనుల ఇంజనీరుగా నుండిన డేనీ క్రిగే, అక్కడక్కడ త్రవ్విన రంధ్రములలోని బంగారము పాలునుబట్టి నడుమనున్న రాతిలో ఎంత యుండునో లెక్కగట్టు విధానమును 1951లో ప్రకటించెను. ఫ్రాన్సు దేశీయుడు మాథెరాన్ దానిని గణితశాస్త్రముగా తీర్చి, క్రిగే పేరనే క్రిగింగు అని పిలిచెను. దగ్గఱి చుక్కలు ఒకదానినొకటి పోలియుండును, దూరపు చుక్కలు పోలియుండవు – ఇంతియే దానికి మూలసూత్రము. బంగారమును వెదకిన ఆ లెక్కయే నేడు నేల బిగువు పటములను గీయుచున్నది.

మూడవది, ఆ చుక్క చేనిలో ఎక్కడ నున్నదో చెప్పు సాధనము. అమెరికా సైన్యపు ఉపగ్రహముల వ్యవస్థ యగు జి.పి.ఎస్. 1995లో పూర్తిగా పనిలోనికి వచ్చెను. పౌరులకిచ్చు సంకేతమును కావలయునని మసకపఱచుట 2000 మే నెలలో మానిరి. అప్పటినుండి ట్రాక్టరు తాను చేనిలో ఏ భాగమున నున్నదో తానే తెలిసికొనగలిగినది. అమెరికా దక్షిణరాష్ట్రములలో, ముఖ్యముగా పత్తిపండించు అలబామా, దక్షిణ కెరొలైనా ఇసుకనేలలలో, గట్టిపొర ఒకచోట జానెడు లోతున, మఱియొకచోట మూర లోతున నుండును. అచ్చటి పరిశోధకులు పొర లోతును పటముగా గీసి, దున్నుపనిముట్టు తనంతట తాను లోతు మార్చుకొనునట్లు చేసిరి. చేనంతయు ఒకే లోతు దున్నినదానికంటె ఇట్లు దున్నినప్పుడు లాగుడు శ్రమయు, నూనెయు గణ్యముగా తగ్గినవి.

మనకు సమీపముననే మఱియొక మార్గమును పరీక్షించిరి. 1972లో పటాన్‌చెఱువున స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ, 1976 మొదలు నల్లరేగడిలో వెడల్పు బోదెల పద్ధతిని నడిపించినది. బోదె, కాలువ కలిపి ఒకటిన్నర మీటరు. ఎడ్లయడుగులు, చక్రములు ఏటేట కాలువలోనే నడువవలయును, బోదెపై త్రొక్కరాదు. త్రొక్కుడుచోటును పైరుచోటును శాశ్వతముగ విడదీయుటచే బోదెపై నేల గుల్లగా నుండును, మిగులునీరు కాలువలో పోవును. మేలైన విత్తనము, ఎఱువు, రెండు పైరుల పద్ధతి కూడ చేర్చి నడిపిన ఆ చేలలో దీర్ఘకాలపు సగటున హెక్టారునకు సుమారు ఐదు టన్నులు పండగా, పాతపద్ధతి చేలలో సుమారు ఒక టన్ను మాత్రమే పండినది. ఈ భేదమంతయు బిగువు తగ్గుటవలననే యని చెప్పరాదు. అన్నియు కలిసి యిచ్చిన ఫలమది.

1981లో మెదకు జిల్లా తడ్డనపల్లి గ్రామమున రైతుల చేలలోనే దానిని పరీక్షించిరి. అయినను ఆ పద్ధతి యూరూర వ్యాపింపలేదు. దానికి వలయు చక్రముల పనిముట్టు ఒక రైతు కొనగలిగినది కాదు. చిన్నకమతములలో త్రిప్పుటయు కష్టము. ఇట్టి పనిముట్ల చరిత్రను 1988లో వ్రాసిన పాల్ స్టార్కీ, వానిని అన్నివిధముల తీర్చిదిద్దిన పిమ్మట రైతులు త్రోసిపుచ్చిరని అర్థము వచ్చునట్లు తన గ్రంథమునకు పేరు పెట్టెను. శాస్త్రము సరియైనంత మాత్రమున చాలదు. రైతు చేతికి, సంచికి అందవలయును. ఉపగ్రహపు పటముల విషయమునను ఈ పాఠమును మఱువరాదు.

2015 ఫిబ్రవరి 19వ తేదీన కేంద్రప్రభుత్వము భూసార పత్రముల పథకము నారంభించెను. నీటివసతిగల భూములలో రెండున్నర హెక్టార్లకు, మెట్టలో పది హెక్టార్లకు ఒక గడి చొప్పున మట్టి తీసి పరీక్షించు ఏర్పాటది. గళ్లపటము మరల వచ్చినది. ఈమాఱు శిస్తునకు గాక పంటకొఱకు వచ్చినది. ఇది సంతోషింపదగిన విషయము. కాని ఆ పత్రమునందలి పండ్రెండు అంశములు నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఆమ్లక్షార గుణము, లవణపుపాలు, సేంద్రియ కర్బనము. వీనిలో బిగువు లేదు. మట్టిని త్రవ్వి సంచిలో వేయగానే బిగువు విడిపోవును గనుక ప్రయోగశాలకు పంపి దానిని తెలిసికొనుట సాధ్యము కాదు. అది చేనిలోనే కొలువవలసినది. ఎఱువు లెక్క సరిగానున్నను వేరు దానిని అందుకొనలేని నేలలో ఆ యెఱువునకు పెట్టిన రూకలు వ్యర్థము.

ఇక గ్రామమున చేయదగినది. పెనెట్రోమీటరు లేకున్నను, వ్రేలిలావు ఉక్కుకడ్డీకి మొన తీర్పించి, పై కొసకు అడ్డపిడి వేయించి, జానెడు జానెడునకు గుర్తు పెట్టించినచో పని మొదలుపెట్టవచ్చును. బాగుగా నానిన వాన పడిన రెండుమూడు దినముల తరువాత పొడిచి చూడవలయును. ఎండిన రేగడి అంతటను గట్టిగానే యుండును. ఆ గట్టితనము ఎండవలని దే గాని త్రొక్కిడివలని దని నమ్మరాదు. ఒక్క మనుష్యుడే, ఒకే నెమ్మదితో, ఎకరమునకు పది పండ్రెండు తావుల పొడువవలయును. ఎంత లోతున కడ్డీ ఆగినది, దాటినపిదప మరల సులభముగా దిగినదా యను సంగతులను టిప్పను నకలుపై ఆయా చోటుల వ్రాసికొనవలయును. గట్టిగా తోచినచోట గుంట త్రవ్వి వేళ్లను చూచినగాని తీర్పు చెప్పరాదు. రాయి తగిలినను కడ్డీ ఆగును గదా.

ఇచ్చటనే పెద్దల సాయము కావలయును. చేనికి అడ్డముగా పూర్వము బండ్లబాట ఎక్కడ నుండెను? కల్లము ఏ మూల చేయుచుండిరి? గొఱ్ఱెలమంద ఏటేట ఎక్కడ నిలిచెడిది? నాగళ్లు, తరువాత ట్రాక్టర్లు, మరలెడి ఒడ్డు ఏది? మునుపు మడిగా నుండి నేడు చేనుగా మారిన భాగమేది? తడిలో కోతయంత్రము దిగబడిన యేడు ఏది? ఈ ప్రశ్నలకు ఏ యుపగ్రహమును బదులు చెప్పలేదు. ఎక్కడెక్కడ పొడిచి చూడవలయునో మీ జ్ఞాపకము చెప్పును. ఆ జ్ఞాపకము నిజమో కాదో కడ్డీ చెప్పును. చెలకలో పాతబాటయొక్క బిగువు చిరకాలము నిలుచును. రేగడిలో నెఱ్ఱెలు కొంత మాన్పియుండవచ్చును. కావున అచ్చట పాతమాటకంటె ఇటీవలి త్రొక్కిడినే ముందుగా విచారింపవలయును.

పటము తయారైన పిమ్మట నిర్ణయము సులభము. పొర లేనిచోట లోతుదుక్కి వలదు. అది నూనెను, తేమను ఖర్చుపెట్టుటయే గాక, నల్లరేగడిలో అడుగునున్న సున్నపుమట్టిని పైకి తెచ్చును. పొర ఉన్నచోట మట్టిని తిరుగవేయని చిసెల్ నాగలితో, ఆ పొరకు కొంచెము క్రిందివఱకు మాత్రము, నేల ఆఱియున్న వేసవిలో చీల్చవలయును. ఆఱిన పొర పగులును. తడిపొర పగులక కోసినట్లు సాలు మాత్రము పడును. వరి తప్ప వేఱు పైరు వేయని మడిలో పొరను ముట్టరాదు. చీల్చిన చేనిలో మరల తడిమీద బరువు దింపినచో చేసిన ఖర్చు వ్యర్థము. ట్రాలీకి ఒకే బాట నేర్పఱచి, దానినే ఏటేట వాడవలయును. కందివంటి లోతువేరు పైరును, పశువుల పెంటయెఱువును చీల్చిన నేలను మరల బిగియకుండ కొంత కాపాడును.

కొన్ని యూళ్లలో లోతుదుక్కి మంచిదని వినగానే చేనంతయు ఎకరమునకు ఇంతయని కూలికి దున్నించుచున్నారు. కౌలుదారునికి ఆ కూలి అప్పుగా నిలుచును. చేనిలో నాల్గవవంతునకే ఆ చికిత్స కావలసినదైనచో తక్కిన మూడువంతుల ఖర్చు ఎవరికొఱకు? ఒక ఉదయము కడ్డీతో నడిచిన ఆ ప్రశ్నకు బదులు దొరకును.

నూట డెబ్బది యేండ్ల క్రిందట శిస్తు ఉద్యోగి వచ్చి మన నేలను గళ్లుగా విభజించి, ఎంత రాబట్టవచ్చునో వ్రాసికొనిపోయెను. ఇప్పుడు ఆ గళ్లను మనమే గీసికొని, మన నేలకు ఏమి కావలయునో వ్రాసికొను కాలము వచ్చినది. వచ్చు వానకాలమున మంచి వాన పడిన మూడవనాడు, ఇంటిలోని చిన్నవారిని వెంటబెట్టుకొని చేనికి పొండు. పాతబాట ఎక్కడనో మీరు చూపుడు. కడ్డీని వారు పొడువనిండు. కాగితముపై ఇరువురును కలిసి వ్రాయుడు. ఆ కాగితము టిప్పనుతోపాటు పెట్టెలో భద్రముగా నుండవలసిన పత్రము.

సెలవు.